మత్తు కథల్లో మూట మోసేవాడు



మిరపకారంతో మొదలుపెడతాను. గుంటూరువాడు ఇంక దేంతో మొదలుపెడతాడులే అనుకోకండి, ఈ కారం మన మిర్చి యార్డుది కాదు. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రం, ఆల్బుకర్కీ నగరం. 'బ్రేకింగ్ బ్యాడ్' అనే టీవీ సీరియల్ కథంతా అక్కడే నడుస్తుంది. అందులో జెస్సీ అనే కుర్రాడు దొంగచాటుగా మెథ్ అనే మత్తుమందు వండుతుంటాడు. తన సరుకు పదిమంది సరుకులో కలిసిపోకూడదని, తనదంటూ ఒక గుర్తు ఉండాలని అందులో కాస్త మిరపకారం కలుపుతాడు. అదే అతని బ్రాండు. ఒకప్పుడు అతనికి బళ్లో కెమిస్ట్రీ చెప్పిన మాస్టారు ఇప్పుడు అదే వ్యాపారంలో వాటాదారుగా దిగి, వస్తూనే ఆ కారం వద్దంటాడు. సరుకు స్వచ్ఛంగా ఉండి తీరాలంటాడు. కల్తీని దొంగ సరుకువాళ్లే ఒప్పుకోలేదు చూడండి, మన కారం మిల్లుల్లో కొందరు వినాల్సిన సంగతి.

న్యూ మెక్సికో కూడా మిరపసీమే. అక్కడ హోటల్లో కూర్చోగానే ఎర్ర మిరపా, పచ్చి మిరపా అని అడుగుతారు. ఆ ప్రశ్నను తమ రాష్ట్ర అధికారిక ప్రశ్నగా ప్రకటించుకున్నారు కూడా. అలాంటి ఊళ్లో పుట్టిన మత్తుమందుల కథను ప్రపంచమంతా ఎగబడి చూసింది. ఇలాంటి కథల్ని విమర్శకులు ఎలా తూచారు, జనం ఎలా తూచారు, మన తెలుగునాట వీటికి దొరికిన ఆదరణ ఎలాంటిది అన్నదే ఈ పూట మాట.

'బ్రేకింగ్ బ్యాడ్' 2008 జనవరి 20న మొదలైంది. విన్స్ గిల్లిగన్ సృష్టి. ఆ ఏడాది హాలీవుడ్‌లో రచయితల సమ్మె ఉండటంతో మొదటి సీజన్ ఏడు ఎపిసోడ్లకే ఆగిపోయింది. మొదటి ఎపిసోడ్ చూసినవాళ్లు సుమారు 14 లక్షలు. అమెరికా లెక్కలో అది చెప్పుకోదగ్గ సంఖ్య కాదు. ఐదు సీజన్లు, 62 ఎపిసోడ్లు నడిచి 2013 సెప్టెంబరు 29న ముగిసేనాటికి చివరి ఎపిసోడ్ చూసినవాళ్లు కోటి దాటారు. మధ్యలో జరిగిందల్లా నెట్‌ఫ్లిక్స్‌లో పాత సీజన్లు దొరకడమే. వెనకబడ్డ ప్రేక్షకులు ఒక్కసారిగా కూర్చుని మొత్తం చూసేశారు. ఆ మేలును గిల్లిగన్ బాహాటంగానే ఒప్పుకున్నాడు. విమర్శకుల సంగతి సరేసరి. చివరి సీజన్‌కు వచ్చిన సమీక్షలన్నీ కలిపి లెక్కవేస్తే 100కు 99 మార్కులొచ్చాయని గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

ఇంతకీ ఆ మాస్టారి కథలో ఏముంది? వాల్టర్ వైట్ హైస్కూల్లో కెమిస్ట్రీ చెబుతాడు. జీతం చాలక సాయంత్రాలు కార్లు కడిగే చోట పనిచేస్తాడు. ఒకరోజు మోకాళ్ల మీద కూర్చుని ఒక కారు చక్రం తుడుస్తుంటాడు. తీరా ఆ కారు తన క్లాసులో కుర్రాడిదే. ఆ కుర్రాడు చూసి నవ్వుతాడు. అంతే సన్నివేశం. బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో పొద్దున్న ఐదింటికే ట్యూషన్ మొదలుపెట్టి, పాతికేళ్లు పిరియాడిక్ టేబుల్ చెప్పిన మాస్టార్లను చూసిన ఊరు మనది. ఆ సన్నివేశం మనకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. తర్వాత ఆయనకు క్యాన్సరని తెలుస్తుంది. వైద్యానికి డబ్బు కావాలి, పుట్టబోయే బిడ్డ ఉంది, ఎదిగిన కొడుక్కి వైకల్యం ఉంది. ఇన్ని కారణాలు వరసగా పేర్చి పెట్టాక ఆయన మత్తుమందు వండటం మొదలుపెడితే మన మనసు ఆయన పక్షం చేరిపోతుంది. రచయిత వేసిన ఎర అదే. ఒక్కో సీజన్ గడిచేకొద్దీ ఆ కారణాలు ఒక్కొక్కటే రాలిపోతాయి, మిగిలేది ఆయన అహం. అయినా మనం ఆయన పక్షం వదలం.

ఇక్కడే ప్రేక్షకుల గుట్టు బయటపడింది. ఆ మాస్టారి భార్య పేరు స్కైలర్. మొగుడు అబద్ధాలాడుతున్నాడని పసిగడుతుంది, నిలదీస్తుంది, ఇల్లు వదిలి పొమ్మంటుంది. తర్వాత ఆమె కూడా ఆ డబ్బు లెక్కల్లోకి దిగుతుంది, అది వేరే సంగతి. మనుషుల్ని చంపించిన మొగుణ్ని మెచ్చుకున్న ప్రేక్షకుల్లో చాలామంది, వద్దన్న భార్యను అసహ్యించుకున్నారు. ఆ అసహ్యం పాత్ర దగ్గర ఆగక ఆ పాత్ర వేసిన నటి ఆనా గన్ దాకా పోయింది. 2013 ఆగస్టులో ఆమె న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాసి, నోరు మూసుకుని భర్త వెనక నడవని ఆడదాన్ని జనం ఎందుకు ఓర్చుకోలేరని అడిగింది. ఆ పాత్రకు ఆమెకు ఎమ్మీ బహుమతులు వచ్చాయి. టీవీ రంగంవాళ్లు ఇచ్చిన బహుమతి ఒకటి, జనం ఇచ్చింది ఇంకొకటి.

మన దగ్గర చూడండి. 2024 డిసెంబరులో వచ్చిన 'పుష్ప' రెండో భాగంలో స్మగ్లర్ భార్యకు ఒక కోరిక పుడుతుంది, మొగుడు ముఖ్యమంత్రితో ఫొటో దిగాలని. ఆ ముఖ్యమంత్రి కాదంటాడు. అయితే ముఖ్యమంత్రినే మార్చేస్తానని మొగుడు బయల్దేరతాడు. కథంతా అక్కణ్నుంచే కదులుతుంది. థియేటర్లో ఈలలు. ఆ భార్యను మనవాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. ఆమె స్మగ్లింగ్ వద్దని అడ్డం పడుంటే మన హాళ్లలోనూ ఆమెకు స్కైలర్ గతే పట్టేదని నా అనుమానం. ఈ విషయంలో ఆల్బుకర్కీకీ అమరావతికీ పెద్ద దూరం లేదు.

ఇక రెండో సీరియల్. పేరు 'ద వైర్'. ఇది 2002 నుంచి 2008 దాకా హెచ్‌బీవోలో వచ్చింది. ఐదు సీజన్లు, 60 ఎపిసోడ్లు. రాసిన డేవిడ్ సైమన్ బాల్టిమోర్ పత్రికలో నేరాల విలేకరిగా పనిచేసినవాడు. ఆయనతో కలిసి రాసిన ఎడ్ బర్న్స్ ఆ ఊళ్లోనే పోలీసు డిటెక్టివ్‌గా చేసి, ఆ తర్వాత బడిపంతులైనవాడు. ఇలాంటి ఇద్దరు కలిస్తే కథ ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది: నిదానంగా, మనుషులు కిక్కిరిసిన సందడితో, ఎవరు ముఖ్యుడో చప్పున తేలకుండా. మొదటి సీజన్లో వీధి మూల, తర్వాత ఓడరేవు, తర్వాత పురపాలక రాజకీయం, బడి, పత్రికాఫీసు. మత్తుమందు ఒక దారం, దానికి గుచ్చుకున్నది ఊరంతా.

ఇందులో ఒక సన్నివేశం గురించి చెప్పాలి. పేదల వాడలో పాత సోఫా ఒకటి ఆరుబయట పడి ఉంటుంది. ఇద్దరు కుర్రాళ్లు, బోడీ అని ఒకడు, వాలెస్ అని ఇంకొకడు, చదరంగం బల్ల మీద ఇంకేదో ఆట ఆడుతుంటారు. సరుకు అమ్మించే వాళ్ల పెద్ద డీయాంజెలో వచ్చి, ఇది ఆడే పద్ధతి ఇది కాదురా అని చదరంగం నేర్పుతాడు. రాజు ఎవరు, మంత్రి ఎవరు, ఏనుగు ఎలా కదులుతుంది అని తమ వ్యాపారంలో మనుషుల పేర్లతోనే చెబుతాడు. బోడీ దృష్టి బంట్ల మీద పడుతుంది. బంటు అవతలి గట్టుకు చేరితే మంత్రి అవుతుందని విని కళ్లు మెరుస్తాయి. అలా చేరేవి తక్కువ, ముందు వరసలో పోయేవి అవే అంటాడు పెద్దవాడు. తెలివైన బంటు అయితే అని బోడీ పట్టు వదలడు. అదే సీజన్లో పైవాళ్ల ఆజ్ఞ మీద బోడీయే, ఇంకొక స్నేహితుడితో కలిసి, వాలెస్‌ను కాల్చి చంపుతాడు. వాలెస్‌కు 16 ఏళ్లు. ఆ తర్వాత నాలుగో సీజన్లో బోడీ తను సరుకు అమ్మే వీధి మూలనే చచ్చిపోతాడు.

ఇంత గొప్ప సీరియల్‌కు ఒక్క ఎమ్మీ బహుమతి రాలేదు. రచనకు రెండు నామినేషన్లు వచ్చాయి, అంతే. నడిచినన్నాళ్లూ చూసేవాళ్లు పలచగానే ఉన్నారు. ఆగిపోతుందేమో అన్న భయంతోనే సీజన్లు గడిచాయి. తర్వాత డీవీడీల మీద, ఒకరి నోట ఒకరికి పాకి, ఇప్పుడు టీవీ చరిత్రలో మేటి అని లెక్క పెట్టేవాళ్ల జాబితాలో పైనుంటుంది. ఒబామా తనకు అన్నిటికన్నా ఇష్టమైన సీరియల్ ఇదేనన్నాడు. హార్వర్డ్‌లో పాఠంగా కూడా చెప్పారు. చూసేవాళ్లు తక్కువ కావడానికి కారణం వెతకాలంటే కష్టం కాదు. వేలు పట్టి నడిపించే హీరో లేడు. ఒక మంచివాడు, ఒక చెడ్డవాడు, మధ్యలో ఒక తుపాకి అనే వరస లేదు. వాలెస్ చావుకు ఎవణ్ని తిట్టాలో తెలియక ప్రేక్షకుడు ఇబ్బంది పడతాడు. సాయంత్రం అలసిపోయి ఇంటికొచ్చినవాడు ఆ ఇబ్బంది కోరుకోడు, తప్పు పట్టలేం.

నా మటుకు నాకు ఈ రకం కథలన్నిటికీ మూలం ఇంకొకటుంది. 1989లో బ్రిటన్‌లో ఛానల్ ఫోర్‌లో వచ్చిన 'ట్రాఫిక్'. రాసింది సైమన్ మూర్, తీసింది అలస్టేర్ రీడ్. అందులో మూడు దారులున్నాయి. లండన్‌లో మత్తుమందుల మీద యుద్ధం చేస్తున్న మంత్రి, ఆయన సొంత కూతురే హెరాయిన్‌కు బానిస. జర్మనీలో హాంబర్గ్‌లో దొంగ సరుకు దిగుమతి చేసే పెద్దమనిషి, అతను జైలుకు పోతే వ్యాపారం చేతిలోకి తీసుకునే భార్య. మూడోది పాకిస్తాన్‌లో గసగసాల పంట వేసే ఫజల్ అనే రైతు. ప్రభుత్వం వచ్చి పంట నాశనం చేస్తుంది. వేరే పంట వేసుకోమంటారు. అది కొనేవాడెవడో, నీళ్లెక్కణ్నుంచి వస్తాయో చెప్పరు. ఫజల్ కరాచీ చేరి, ఒక మత్తుమందుల వ్యాపారి దగ్గర కొలువులో చేరతాడు. చివరికి అతని భార్యను కూడా సరుకు మోయడానికి వాడుకుంటారు, ఆమె ప్రాణం పోతుంది.

ఆ సీరియల్ ఆధారంగానే 2000లో స్టీవెన్ సోడర్‌బర్గ్ హాలీవుడ్‌లో సినిమా తీశాడు. పేరు అదే. నాలుగు ఆస్కార్లు వచ్చాయి. అమెరికా మంత్రివంటి అధికారి ఉన్నాడు, మత్తుకు బానిసైన కూతురుంది, దొంగ వ్యాపారి భార్య ఉంది. రైతు మాత్రం లేడు. ఫజల్ స్థానంలో మెక్సికో పోలీసాయన వచ్చాడు. ఆ పోలీసు వేషానికి ఆస్కార్ కూడా వచ్చింది, బాగానే వేశాడు. కానీ పొలం గట్టు మీదివాణ్ని కథలోంచి లేపేస్తే, లేపేసిన సంగతి ఎవరికీ వెలితిగా తోచలేదు. సమీక్షలు రాసినవాళ్లు కెమెరా రంగుల గురించి పేజీలు నింపారు.

గుంటూరు మనిషిగా నాకు గుచ్చుకునేది అక్కడే. మనకు వ్యాపారం తెలుసు. సీజన్లో మన మిర్చి యార్డుకు రోజుకు లక్ష టిక్కీలకు, అంటే బస్తాలకు, పైగా వచ్చే రోజులుంటాయి. ఒక్కో టిక్కీ వెనక ఎవరెవరున్నారో చూడండి. కౌలు కట్టి పంట వేసినవాడు. కోతకు ఎక్కడెక్కడి ఊళ్లనుంచో పిల్లాపాపలతో వచ్చి చేల గట్ల మీద గుడిసెలు వేసుకున్నవాళ్లు. తాలుకాయ ఏరిన ఆడవాళ్లు. ట్రాక్టరు తోలినవాడు, హమాలీ, కమీషన్ వ్యాపారి, కోల్డ్ స్టోరేజీ యజమాని, చైనాకూ బంగ్లాదేశ్‌కూ పంపే ఎగుమతిదారు. ధర ఎవరికి పెరుగుతుంది, ఎవరి దగ్గర విరుగుతుంది అన్నది ఈ ఊళ్లో ఆటో తోలేవాడు కూడా చెబుతాడు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలని ప్రకటించాల్సి వచ్చినప్పుడు, అంతకు ముందు ఇరవై వేలు చూసిన రైతు మొహం ఎలా ఉందో యార్డులో చూసినవాళ్లకు తెలుసు. సరుకు చట్టబద్ధమైనదైనా దొంగదైనా అది చేతులు మారే వరస ఒక్కటే. అడుగున ఉన్నవాడికి దక్కేది కూలి, పైవాడికి దక్కేది లాభం. దొంగ సరుకులో అడుగునున్నవాడికి జైలు అదనం.

ఇంత తెలిసిన మనం టీవీలో కథ చూసేటప్పుడు ఆ తెలివంతా గుమ్మం బయటే వదిలేస్తాం.

మన తెలుగు ఓటీటీల్లో నేరకథలకు కొదవ లేదు. మనవాళ్లు పెద్ద రభస చేసింది మాత్రం 'రానా నాయుడు' మీద. 2023 మార్చి 10న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. అది మత్తుమందుల కథ కాదు, పెద్దవాళ్ల గుట్టుమట్లు సర్దిపెట్టేవాడి కథ. మనవాళ్ల గొడవంతా బూతుల మీద. పండక్కి ఇంటిల్లిపాదితో వెళ్లి చూసే వెంకటేశ్ నోట ఆ మాటలేమిటని బాధపడ్డారు. బాధ నిజమే, నాకూ చెవులు మండాయి. అయితే ఆ ఏడాది మొదటి ఆరు నెలలకు నెట్‌ఫ్లిక్స్ బయటపెట్టిన లెక్కలో జనం దాన్ని చూసిన సమయం 4 కోట్ల 60 లక్షల గంటల పైచిలుకు. తిట్టినవాళ్లలో ఎందరు చివరిదాకా చూశారో వాళ్ల రిమోట్లకే తెలియాలి. 2025 జూన్‌లో వచ్చిన రెండో సీజన్లో బూతులు తగ్గించారు. చర్చ అంతటితో సరి. కథ బాగుందా, పాత్రలు నిలబడ్డాయా అన్నమాట ఎవరూ ఎత్తలేదు.

ఇంకొక సీరియల్ ఉంది, దాన్ని ఎవరూ సీరియల్ అనరు. 2017 జూలైలో హైదరాబాదులో మత్తుమందుల కేసులో ఎక్సైజ్ శాఖ ప్రత్యేక బృందం 12 మంది సినిమావాళ్లను పిలిచి విచారించింది. రోజుకొకరు. కారు ఆఫీసు గేటులోకి వెళ్లడం, సాయంత్రం బయటికి రావడం, మధ్యలో గంటలకొద్దీ స్టూడియోల్లో ఊహాగానాలు. రేపటి ఎపిసోడ్లో ఎవరు అన్నట్టు రాష్ట్రమంతా ఎదురుచూసింది. వాళ్లలో ఎవరికీ శిక్ష పడలేదు. ఆ రోజుల్లో తెరమీద కనిపించనిది సరుకు. అది ఎక్కడ తయారైంది, ఏ దారిన వచ్చింది, ఎవడు మోశాడు అన్న ప్రశ్నకు ఐదు నిమిషాలు ఇచ్చిన ఛానల్ నాకు గుర్తు లేదు.

సినిమాల్లో మాత్రం మోసేవాడు కనిపించాడు. 'పుష్ప' మొదటి భాగం 2021 డిసెంబరులో వచ్చింది. సరుకు ఎర్రచందనం అనుకోండి, వరస అదే. హీరో శేషాచలం అడవిలో చెట్టు నరికే కూలీగా మొదలవుతాడు. అంతవరకు మెచ్చుకోవాలి. కానీ చూస్తుండగానే వాటాదారు, తర్వాత నాయకుడు. 'ద వైర్'లో బోడీ కన్న కల ఇక్కడ నిజమైపోయింది, బంటు అవతలి గట్టు చేరింది. ప్రవచనకర్త గరికపాటి నరసింహారావు గారు స్మగ్లర్‌ను హీరో చేయడమేమిటని గట్టిగానే అడిగారు. అటునుంచి సినిమాను సినిమాగా చూడమన్నారు. 2021 సంవత్సరానికి జాతీయ ఉత్తమ నటుడి బహుమతి ఈ వేషానికే అల్లు అర్జున్‌కు వచ్చింది, తెలుగు నటుడికి అది మొదటిసారి. ఆ వాదంలో ఇద్దరూ మాట్లాడింది హీరో గురించే. 2015 ఏప్రిల్ 7న అదే శేషాచలంలో పోలీసు కాల్పుల్లో 20 మంది చచ్చిపోయారు. తమిళనాడు నుంచి కూలికి వచ్చినవాళ్లు. వాళ్లలో ఒక్కడూ నాయకుడు కాదు. ఆ 20 మంది సంగతి ఈ వాదంలో ఎటువైపు నుంచీ రాలేదు.

నేను ఎక్కువ ఆశ పెట్టుకున్నది 'ఘాటి' మీద. మన గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన క్రిష్ తీసిన సినిమా, 2025 సెప్టెంబరు 5న థియేటర్లకు వచ్చి, ఆ నెలాఖరుకే ఓటీటీకి చేరింది. ఆంధ్రా ఒడిశా సరిహద్దుల్లో తూర్పు కనుమల మీదుగా గంజాయి మూటలు మోసే మనుషులే కథ. అనుష్క వేసిన పాత్ర పేరు శీలావతి. ఏజెన్సీలో పండే గంజాయి రకానికీ అదే పేరు. ఇన్నాళ్లకు మూట మోసేవాళ్లను మధ్యలో నిలబెట్టి ఒక తెలుగు కథ వచ్చిందని కూర్చున్నాను. మొదట్లో కొండదారులు, మూటల బరువు, కూలి లెక్కలు కొంచెం కనిపించాయి. ఆ తర్వాత పగ, ప్రతీకారం, కొండచరియల మీద కొట్లాటలు. నేపథ్యం కొత్తది, కథనం పాతది అని విమర్శకులు తేల్చారు. జనం కూడా పెద్దగా రాలేదు. ఈసారి విమర్శకులూ జనమూ ఒకే మాట మీద ఉన్నారు, నేనూ వాళ్లతోనే ఉన్నాను. ఓడిపోయింది కొత్త నేపథ్యమని నిర్మాతలు అనుకుంటారేమో అన్నదొక్కటే నా దిగులు. పాత ఫైటింగుల వల్లే ఆ సినిమా పోయింది.

కథకు కరువున్న నేల కాదు మనది. 2021 అక్టోబరు చివర్లో రాష్ట్ర పోలీసులు ఆపరేషన్ పరివర్తన మొదలుపెట్టి విశాఖ ఏజెన్సీలో 7,500 ఎకరాలకు పైగా గంజాయి తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల గంజాయి కుప్పలు పోసి తగలబెట్టారు. ఆ మంట దేశమంతా టీవీల్లో చూసింది. మంట ఆరాక చింతపల్లి కొండ మీద రైతు ఏం వేశాడు, దాన్ని ఎవరు కొన్నారు? ఫజల్ కథ 1989లో ఆగిన చోటే మన కథ మొదలవుతుంది. 2021 సెప్టెంబరులో గుజరాత్ ముంద్రా రేవులో టాల్క్ రాళ్ల పేరుతో ఇరాన్ మీదుగా వచ్చిన కంటైనర్లలో దాదాపు మూడు వేల కిలోల హెరాయిన్ పట్టుబడింది. అఫ్గానిస్తాన్ సరుకు. తెప్పించుకున్నట్టు కాగితాల మీదున్న సంస్థ చిరునామా విజయవాడ. మనకు ముప్పై అయిదు కిలోమీటర్ల దూరం. కాందహార్ నుంచి కృష్ణ ఒడ్డుదాకా సాగిన ఆ కాగితాల దారి మీద మన రచయితలెవరూ ఒక్క ఎపిసోడ్ రాయలేదు.

మత్తు అనే మాట వస్తే మనమూ గుండె మీద చెయ్యి వేసుకోవాలి. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం 1976 నుంచి మన గుంటూరులోనే ఉంది. ఒంగోలు, కందుకూరు వేలం కేంద్రాల్లో అమ్ముడైన ఆకుతో పిల్లల చదువులూ పెళ్లిళ్లూ జరిగాయి, జరుగుతున్నాయి. ఆకు పండించే రైతును మనం నేరస్థుడనం, అనకూడదు కూడా. మరి కొండ మీద రైతు దగ్గరికి వచ్చేసరికి ఆ చూపు ఎందుకు మారుతుందో ఒక మంచి నాటకం అడగగలదు. చట్టం చట్టమే. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం 20 కిలోలు దాటిన గంజాయితో పట్టుబడితే పదేళ్లకు తక్కువ కాని జైలు. బైక్ మీద సంచి పెట్టుకుని ఘాట్ దిగిన పంతొమ్మిదేళ్లవాడికి ఈ లెక్క ఎవరూ ముందు చెప్పరు. సంచి ఇచ్చినవాడు అసలే చెప్పడు.

కథలు చూసి ఎవరు మారతారు అని అడిగేవాళ్లుంటారు. మన నెల్లూరు జిల్లాలో జరిగిందొకటి గుర్తు చేస్తాను. అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో రాత్రిబడి వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. సారా ఊరికి ఏం చేస్తుందో చెప్పే కథ. 1992లో దూబగుంట ఆడవాళ్లు దాన్ని చదివి, ఇది మన ఊరి కథే కదా అనుకున్నారు. ఊళ్లో సారా కొట్టు మూయించారు. అది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ నిషేధం ఎన్నాళ్లు నిలిచిందన్నది తర్వాతి మాట. ఆ పాఠంలో నాయకుడు లేడు, తుపాకి లేదు, నేపథ్య సంగీతం లేదు. చదివినవాళ్లకు తమ ఇల్లు కనిపించింది. అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న ఆ ఆడవాళ్ల కన్నా మంచి విమర్శకుల్ని నేను తెలుగులో చూడలేదు.

అందుకని రచయితలకు, దర్శకులకు, డబ్బు పెట్టేవాళ్లకు ఒక విన్నపం. గంజాయి మీద తెలుగులో సిరీస్ తీయండి. పాడేరు సంతలో మొదలుపెట్టండి, నర్సీపట్నం ఘాట్ దిగండి, ఏదో ఒక నగరంలో ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ గదిలో ముగించండి. మధ్యలో ధర ఎక్కడెక్కడ ఎంత పెరిగిందో మాకు చూపించండి. నాయకుడు లేకపోయినా చూస్తాం. కనీసం నేను చూస్తాను, పదిమందికి చెబుతాను.

శ్రోతలకు ఇంకొక మాట. మన రాష్ట్రంలో మత్తుమందుల నిరోధానికి 2024లో ఈగల్ అనే ప్రత్యేక విభాగం ఏర్పాటైంది. మీ వీధిలోనో, మీ పిల్లలు చదివే చోటనో అనుమానం తగిలితే దాని టోల్‌ఫ్రీ నంబరు 1972కు ఫోన్ చేయండి.